అరకు బయల్దేరుతున్న మా అమ్మడికి

విశాఖపట్నం, మహారాణిపేట

అమ్మడూ,

నువ్వూ అల్లుడుగారూ డిసెంబర్లో అరకు వస్తున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. పెళ్లయ్యాక మీ మొదటి ప్రయాణం. ఆ తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ షీట్ చూశాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. అరగంటకో గడి! బొర్రా గుహలకి గంట, కాఫీ తోటకి నలభై నిమిషాలు, గాలికొండ వ్యూపాయింట్‌కి పదిహేను. అల్లుడుగారేమో టీ కొట్టు దగ్గర ఆగితే కొట్టువాడి ఊరూ పేరూ తెలుసుకోనిదే కదలరని నువ్వే చెప్పావు. ఆ షీట్‌లో నేను కనిపించాను, ఆయనలో మీ మావయ్య.

ముందు పని మాటలు. హైదరాబాద్ రైలు దిగి అదే పొద్దున్న అరకు మీదుగా పోయే కిరండూల్ బండి ఎక్కుతామని రాశావు. వద్దు. అది ఏడు కొట్టకముందే వెళ్లిపోతుంది. ఒక రోజు నా దగ్గర ఉండండి. అద్దాల బోగీ కావాలంటే ముందే బుక్ చేసుకోండి. లంబసింగికి అరకు నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి తెల్లారకముందే చేరాలట! పాడేరు మీదుగా ఘాట్ రోడ్డు, డిసెంబర్ మంచులో ముందు పోయే బండి కూడా కనపడదు. మీరు చీకట్లో ఆ రోడ్డెక్కారంటే నాకిక్కడ కన్ను మూతపడదు. ఈసారికి లంబసింగి కొట్టెయ్.

ఇక అసలు మాట. 1983 డిసెంబర్లో, పెళ్లయిన ఏడాదికి, మీ మావయ్యా నేనూ అదే బండెక్కాం. నేనూ కాగితం మీద వేళలు రాసుకున్నాను. టికెట్లు, డబ్బులు, ఆఖరికి ఆయన స్వెట్టర్ కూడా నా సంచిలోనే పెట్టాను, ఆయన ఎక్కడైనా పారేస్తారని. త్యాడలో దిగారు, చిమిడిపల్లిలో దిగారు. ప్రతిసారీ నేను కిటికీలోంచి పిలవడం, ఆయన నవ్వుకుంటూ వచ్చి ఎక్కడం. బొర్రా దాటేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. శిమిలిగుడలో మళ్లీ దిగారు. సముద్రమట్టం నుంచి 996 మీటర్ల ఎత్తు ఆ స్టేషను. ఆ అంకె వేసిన పసుపు బోర్డు మంచుకి తడిసిపోయి ఉంది. ఆయన దాని ముందు నిలబడి అరచేత్తో ఆ నీళ్లు తుడుస్తున్నారు, ఒక్కో అంకె మీదా నెమ్మదిగా. బండి కూత వేసింది. ఆయన పట్టించుకోలేదు. నేను కిటికీ ఊచ పట్టుకుని చూస్తున్నాను. పిలవలేదు. ఒక్కసారి తెలిసిరావాలి అనుకున్నాను. బండి మెల్లగా కదిలింది, అప్పుడు పిలిచినా పరిగెత్తుకొచ్చి ఎక్కేవారే. నోరు తెరవలేదు.

అరకులో దిగి బెంచీ మీద కూర్చున్నాను. కాసేపు కోపంతోనే గడిచింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఆయన జేబులో రూపాయి లేదు, ఒంటి మీద పల్చటి చొక్కా. ఫోన్లు లేని రోజులు. స్టేషన్ మాస్టరు గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను. మా ఆయన్ని నేనే వదిలేశానని ఏ నోటితో చెప్పను? చీకటి పడే వేళకి కట్టెల లారీలో వచ్చారు. పెదాలు నీలుక్కుపోయాయి. స్వెట్టర్ తొడుగుతుంటే నా చేతులు వణికాయి. ఆయన ఒక్క మాట అనలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం, "నువ్వు చూశావు కదూ?" అన్నారు. లేదు, కునుకు పట్టింది అన్నాను. ఆయన పోయేదాకా ఆ అబద్ధం అలాగే ఉండిపోయింది, అమ్మడూ. నీకే మొదటిసారి చెప్తున్నాను.

అందుకే అడుగుతున్నాను. కోపమొస్తే తిట్టు, రెండు రోజులు మాట్లాడకు, కానీ బండి కూత వేస్తే మాత్రం పిలు. అల్లుడుగారి టికెట్, డబ్బులు ఆయన దగ్గరే ఉండాలి. ఆ కొండల్లో ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో తెలీదు, కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఒక పూట నువ్వు మ్యూజియం చూసుకో, ఆయన సంతలో తిరగనీ. తప్పేం లేదు.

నీ షీట్ చింపెయ్యమనడం లేదు, తల్లీ. నువ్వు లేకపోతే ఆయనకి గది దొరకదు, భోజనం దొరకదు, నాకు తెలుసు. కానీ బొర్రాకి మాత్రం గంట చాలదు. మేం మర్నాడు వెళ్లాం. నాకు మీ మావయ్యని తొందరపెట్టే ముఖం లేక మధ్యాహ్నం దాకా ఆయన వెనకే తిరిగాను. అప్పుడు చెప్పారు, ఆ గుహల దగ్గర పారే గోస్తని నదికే కింద తాటిపూడిలో ఆనకట్ట కట్టారని, మన వైజాగ్ కొళాయిల్లోకి ఆ నీళ్లు కూడా వస్తాయని, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని. ఆ నీళ్లు తాగుతూ కూడా నాకా సంగతి తెలీదు. ఇప్పటికీ పొద్దున్నే కొళాయి తిప్పితే ఆయన గొంతే వినిపిస్తుంది.

అల్లుడుగారిది హైదరాబాద్ చలి తప్ప ఎరగని ఒళ్లు. మీ మావయ్య స్వెట్టర్ బీరువాలోనే ఉంది, మొన్న ఎండలో వేశాను. సరిపోతుందనుకుంటాను. స్టేషన్‌కి తెస్తాను. నీ సంచిలో పెట్టకు, ఆయన చేతికే ఇవ్వు.

మీ అత్త