తోట తాకట్టు వద్దు, ముందు జామ్ పరీక్ష ఫారం నింపించండి

ప్రశ్న: మాది కవిటి మండలం. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి ఏడాదిలో ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఎమ్మెస్సీ మాలిక్యులర్ బయాలజీకి ఒక ప్రైవేటు యూనివర్సిటీ నాలుగు లక్షలు అడుగుతోంది. కొబ్బరితోట తాకట్టు పెట్టి కట్టమంటారా? తర్వాత పీహెచ్‌డీకి ఇంకెంత అవుతుంది?

జవాబు: తోట జోలికి వెళ్ళకండి. సరైన దారిలో వెళితే పీహెచ్‌డీకి మీరు అప్పు చేయక్కర్లేదు, అమ్మాయికే నెలనెలా డబ్బు ఇస్తారు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. హాస్టల్ దొరక్కపోతే ఇంటి అద్దె కూడా అదనంగా ఇస్తారు.

ఇక ఎమ్మెస్సీ. బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మైక్రోబయాలజీ, మాలిక్యులర్ బయాలజీ ఏది చదివినా నెట్‌లో రాసేది ఒకే లైఫ్ సైన్సెస్ పేపరు. అందుకని కోర్సు పేరు చూసి మురిసిపోకండి. ఆ యూనివర్సిటీ వాళ్ళను ఒక్కటే అడగండి: పోయినేడు నాలుగో సెమిస్టర్ పిల్లలు ప్రాజెక్టు ఎక్కడ చేశారు? సొంత ల్యాబులోనో, పరిశోధన సంస్థలోనో ఐదారు నెలలు చేశారంటే సరే. బయట ట్రైనింగ్ సెంటరుకు పంపుతామంటే మాత్రం చేర్చకండి. అలాంటి చోట నలభై రోజులు కూర్చోబెట్టి, అచ్చేసిన రిపోర్టు చేతిలో పెడతారు.

అది పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఇట్టే బయటపడుతుంది. పీసీఆర్ అంటే డీఎన్ఏ ముక్కను లక్షల కాపీలు చేసే పద్ధతి; కాపీలు వస్తే జెల్ మీద గీతలా, అంటే బ్యాండ్‌గా కనిపిస్తాయి. “నీ పీసీఆర్‌లో నెగటివ్ కంట్రోల్ ఏం పెట్టావు? అందులోనూ బ్యాండ్ వస్తే ఏం చేస్తావు?” అని అడుగుతారు. స్వయంగా చేసిన పిల్లయితే, నెగటివ్ కంట్రోల్‌లో, అంటే డీఎన్ఏ వెయ్యని ట్యూబులో, బ్యాండ్ వచ్చిందంటే నీళ్ళో, ప్రైమరో (కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క), పిపెట్టో కలుషితమైందనీ, ఒక్కొక్కటే కొత్తది మార్చి చూస్తాననీ తడుముకోకుండా చెబుతుంది. కొన్న రిపోర్టుతో వెళ్ళినవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

చేరే దారులు ఇవీ. జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరుతో ఐఐటీల్లో ఎమ్మెస్సీ, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఉన్నాయి. రెండోదాంట్లో మొదటి ఏడాది నుంచే స్టైపెండ్ ఇస్తారు. జామ్ ఫారాలు సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే ఎమ్మెస్సీలకు గ్యాట్-బి పరీక్ష, హైదరాబాద్ లాంటి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, ఆంధ్ర యూనివర్సిటీకీ ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీకీ ఏపీ పీజీసెట్. అన్నీ రాయించండి. మనవాళ్ళకు హైదరాబాదే గుర్తొస్తుంది గానీ, మీకు ఇచ్ఛాపురం దాటితే బరంపురంలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థ ఉంది. భువనేశ్వర్‌లో నైసర్ అనే మరో కేంద్ర సైన్స్ సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ కన్నా అవే దగ్గర.

నెట్‌లో మన పిల్లలు దెబ్బతినేది పార్ట్ సీ దగ్గర. 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోదానికి 4 మార్కులు, అంటే 200లో 100 అక్కడే. బట్టీ పట్టినది అక్కడ అక్కరకు రాదు. జెల్ బొమ్మో గ్రాఫో ఇచ్చి దీన్నిబట్టి ఏం తేలిందంటారు. పాత పేపర్లు తీసి, ప్రతి తప్పు ఆప్షనూ ఎందుకు తప్పో నోటుబుక్కులో రాయిస్తే ఆ పట్టు వస్తుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి.

చేతిపని ఇప్పుడే, మీ కాలేజీలోనే నేర్చుకోవచ్చు. అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ బటన్‌కు రెండు స్టాపులుంటాయి. పీల్చేటప్పుడు మొదటి స్టాపు దాకానే నొక్కాలి, రెండోది వదిలేటప్పుడు. పీల్చేటప్పుడే అడుగుదాకా నొక్కేస్తే ద్రవం ఎక్కువ వస్తుంది; 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో అది పెద్ద తేడా. 100 మైక్రోలీటర్ల నీరు 100 మిల్లీగ్రాములు తూగాలి. మిల్లీగ్రాములు చూపే త్రాసు మీద పదిసార్లు తూచి చూడమనండి. అటూఇటూ ఒకట్రెండు మిల్లీగ్రాముల్లో ఉంటే చెయ్యి కుదిరినట్టే. అలాగే 50ఎక్స్ టీఏఈ బఫరు (జెల్‌కు వాడే, యాభై రెట్లు చిక్కటి ద్రావణం) నుంచి లీటరు 1ఎక్స్ చెయ్యడానికి 20 మిల్లీలీటర్లకు 980 నీళ్ళు కలపాలన్న లెక్క కాగితం లేకుండా రావాలి.

ఉద్దానం మీద తన పట్టుదల నాకు చాలా నచ్చింది, దాన్ని చల్లారనివ్వకండి. అయితే కిడ్నీ మీద పనిచేసే గైడే కావాలని ఎమ్మెస్సీలో పట్టుబట్టొద్దు. ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీళ్ళ కెమిస్ట్రీ, ఊరూరా సర్వేలు, జన్యు పరీక్షలు అన్నీ కలవాలి. రోగుల రక్తం, మూత్రం తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, దానికే నెలలు పడుతుంది. ఆరు నెలల ప్రాజెక్టులో అది సాగదు. ఇప్పుడు సీక్వెన్సింగ్ (డీఎన్ఏ వరుస చదవడం), సెల్ కల్చర్ (కణాలను ల్యాబులో పెంచడం), స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోనివ్వండి. పీహెచ్‌డీలో ఆ అంశం ఎంచుకోవచ్చు.

మరొక్క మాట, దీనివల్ల చాలామందికి సీటు చేజారుతోంది. మీరు బీసీ అయితే రాష్ట్రం ఇచ్చే మామూలు సర్టిఫికెట్ ఈ కేంద్ర పరీక్షలకు చెల్లదు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ సర్టిఫికెట్ కోసం సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పాత తేదీది ఒప్పుకోరు, నోటిఫికేషన్‌లో ఏ తేదీ తర్వాతది అడిగారో చూసి తీసుకోండి.