బంగారం తాకట్టు పెట్టే ముందు ఒక్క ఆల్బమ్ లెక్క తిరగరాయండి

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లోనే కాగితంతో జ్ఞాపకాల ఆల్బమ్‌లు చేస్తాను. పేజీల అంచులు, ఫొటో ఫ్రేములు కుట్టు మిషన్ మీద రంగు దారంతో కుడతాను. మొదటి పుట్టినరోజు, సీమంతం, షష్టిపూర్తి ఆర్డర్లు నెలకు ఎనిమిది దాకా వస్తున్నాయి. సగం హైదరాబాద్ నుంచే. 16 పేజీల ఆల్బమ్ రూ.1,800. ఖర్చు రూ.700 పోగా రూ.1,100 మిగులుతోంది. ఒక్కోదానికి 14 గంటలు పడుతోంది. బంగారం మీద రూ.1.20 లక్షలు తీసుకుని కంప్యూటర్ కుట్టు మిషన్, డిజైన్లు కత్తిరించే మిషన్, రూ.30 వేల కాగితం కొందామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: ఇప్పుడు వద్దు. మీ పనిలో లోపం లేదు. ఏటా ఎనిమిదేసి ఆర్డర్లు వచ్చే పని కాదు మీది, నెలకు ఎనిమిది వస్తున్నాయి. ధర వేసిన పద్ధతి సరిగా లేదు, దాన్ని అప్పు సరిచేయలేదు.

మీరు రాసిన రూ.700లో కాగితం, ఫొటో ప్రింట్లు, ప్యాకింగ్, కొరియర్ ఉన్నాయి. పాడైన షీట్లకు రూ.45, సూదులు, దారం, టేపులకు రూ.35, మిషన్, పనిముట్ల అరుగుదలకు రూ.60, దారిలో నలిగి మళ్లీ చేసివ్వాల్సి వచ్చే వాటికి రూ.70 వేసుకోండి. మొత్తం రూ.210. అంటే చేతికి మిగిలేది రూ.1,100 కాదు, రూ.890. దాన్ని 14 గంటలకు పంచితే గంటకు రూ.64 కూడా రావడం లేదు. నెలంతా 112 గంటలు కూర్చుంటే రూ.7,120.

రూ.1.20 లక్షలు 12 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు రూ.5,650. మీ చేతిలో రూ.1,470 మిగులుతుంది. నెలనెలా వడ్డీ మాత్రమే కట్టి, అసలు ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుంటే రూ.1,200తో సరిపోతున్నట్టే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి లక్షా ఇరవై వేలు ఎక్కడి నుంచి తెస్తారు? నగలు వేలానికి వెళ్లేది అక్కడే.

పోనీ, మిషన్లు మీ సమయాన్ని ఆదా చేస్తాయా? మీరు పంపిన వివరాల ప్రకారం ఫొటోలు ఎంచడం, కస్టమర్‌తో మాట్లాడటం 3 గంటలు, పేజీ అమరిక, కత్తిరింపు 5, కుట్టు ఒకటిన్నర, అతికించడం, ముడులు వేయడం 2, అలంకరణ ఒకటిన్నర, ప్యాకింగ్ 1. ఎంత మంచి మిషన్ కొన్నా కుట్టులో అరగంట, కత్తిరింపులో గంట తగ్గుతుంది. మూడు గంటలు మింగుతున్న ఫొటోల ఎంపికను, మాటలను ఏ మిషనూ తగ్గించలేదు.

ముందు పేజీ కొలత మార్చండి. మీరు వాడే ఐవరీ షీటు 22×28 అంగుళాలు. 8 అంగుళాల చదరం పేజీలు దానిలో ఆరే వస్తాయి, మిగతాదంతా ముక్కలు. 7 అంగుళాలకు దించితే మూడు వరసలు, నాలుగేసి చొప్పున పన్నెండు. మూడు ఆల్బమ్‌లకు 48 ఆకులు కావాలంటే ఎనిమిది షీట్లు పట్టేచోట నాలుగు చాలు. 28 అంగుళాల వైపు అసలు వదులు ఉండదు కాబట్టి మూల నలిగిన షీటు కొట్లోనే పక్కన పెట్టేయండి, పేజీని కూడా 7కు ఒక్క గీత తక్కువగా కోయండి.

తర్వాత అమరికలు నాలుగే ఉంచండి. ఫొటోలు 24 దాటకూడదు, మార్పులు రెండుసార్లే. సగం డబ్బు ముందే తీసుకోండి. పిల్లాడి పేరు కుట్టిన ఆల్బమ్ ఇంకొకరు కొనరు కదా. దీనితో పని 11 గంటలకు వస్తుంది. కాగితం, అలంకారాల్లో రూ.90 తగ్గి మొత్తం ఖర్చు రూ.910 నుంచి రూ.820 అవుతుంది. ధర రూ.2,200 పెట్టండి. మిగిలేది రూ.1,380, గంటకు రూ.125. ధర పెంచితే ఇద్దరు వెళ్లిపోతారని భయమా? ఆరు ఆల్బమ్‌లే చేసినా రూ.8,280 వస్తుంది, అదీ 66 గంటల్లో. ఇప్పటికన్నా ఎక్కువే.

పాడయ్యే షీట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా మీ డబ్బు. కుట్టు దగ్గరగా పడితే కాగితం తపాలా బిళ్లల షీటులా చిల్లుల వెంట చిరిగిపోతుంది. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంచండి. బట్టకు వేసినట్టు చివర వెనక్కి కుట్టకండి, అదే చోట రెండోసారి పొడిస్తే అక్కడే తెగుతుంది. మూడు అంగుళాల దారం వదిలి, వెనక్కి లాగి ముడేసి టేపు అంటించండి. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) అట్టకు 14 నంబర్ సూది, పల్చటి కాగితానికి 11. కాగితం సూదిని త్వరగా మొద్దుబారుస్తుంది కాబట్టి ఆ సూదిని బ్లౌజులు కుట్టడానికి వాడకండి. తడి జిగురు మీద, రెండు వైపులా అంటుకునే టేపు మీద కుడితే సూదికి బంక పట్టి కుట్లు తప్పుతాయి. అందుకే ముందు కుట్టు, తర్వాతే ఫొటో అతికింపు. ఫొటో మీద మాత్రం సూది పెట్టకండి, తప్పు పడితే ఆ చిల్లు పోదు. మిషన్‌కు నూనె వేసిన రోజు పాత గుడ్డ మీద రెండు మూడు వరసలు కుట్టాకే కాగితం పెట్టాలి. బాబిన్ కేసులో చేరే కాగితపు పొడిని ప్రతి ఆల్బమ్‌కూ బ్రష్‌తో తీసేయండి. ఇవన్నీ మామూలు కాళ్ల మిషన్‌తోనే అయ్యే పనులు.

ఆల్బమ్‌ల మధ్య ఖాళీలో చదివింపుల కవర్లు కుట్టండి. 120 జీఎస్ఎం కాగితంలో 3.5×7 అంగుళాల ముక్కలు ఒక షీటుకు 24, అంటే 12 కవర్లు. 500 నోటు సులువుగా పడుతుంది. రెండు ముక్కలు కలిపి మూడు వైపులా కుట్టాలి. మూల రాగానే సూది కాగితంలోనే ఉంచి, కాగితాన్ని నొక్కిపట్టే ఫుట్ లేపి తిప్పితే మలుపు చక్కగా వస్తుంది. దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి కుట్టి, చివర్లో విడదీయండి. రూపాయి బిళ్ల అతికించేది కుట్టు పూర్తయ్యాకే. ఒక్కోటి రూ.20 చొప్పున 24 కవర్లకు రూ.480, సామాను రూ.100 పోతే రూ.380. రెండున్నర గంటల్లో అయితే గంటకు రూ.150 దాటుతుంది. ముందు ఒక విడత గడియారం చూసుకుని కుట్టి, మీ సమయంతో ఈ లెక్క మళ్లీ వేయండి.

రూ.30 వేల కాగితం మాట మరచిపోండి. వానాకాలం తేమకు అట్ట వంకర తిరుగుతుంది, డిజైన్లు పాతబడతాయి. రెండు నెలలకు సరిపడా కొంటే చాలు. ఇప్పుడు నిజంగా అవసరమైనది బ్లేడుతో తిన్నగా కోసే ట్రిమ్మర్, మూలలు గుండ్రంగా కోసే పంచ్, మిషన్ సర్వీసింగ్. వచ్చిన అడ్వాన్సుల్లోంచి ఆరేడు వేలలోపు సర్దుకోండి. ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలవకుండా పనికి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి.

హైదరాబాద్ ఆర్డర్ల విషయం అశ్రద్ధ చేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువుల అమ్మకానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి రూ.40 లక్షలే అయినా, తెలంగాణకు పంపే పార్సిల్ రాష్ట్రం దాటిన అమ్మకం. అలాంటి అమ్మకానికి మామూలుగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. నోటిఫై చేసిన హస్తకళా వస్తువులకు షరతులతో రూ.20 లక్షల దాకా మినహాయింపు ఉంది. మీ ఆల్బమ్ ఆ జాబితాలోకి వస్తుందో లేదో నమూనాతో సహా ట్యాక్స్ కన్సల్టెంట్‌కు చూపించి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

కొత్త ధరకు వరసగా మూడు నెలలు అడ్వాన్సుతో సహా నెలకు పన్నెండు ఆర్డర్లు వచ్చి, కత్తిరింపు దగ్గరే పని ఆగుతుంటే అప్పుడు కత్తిరించే మిషన్ ఒక్కటే కొనండి. దానికి పూచీకత్తు లేని ముద్రా శిశు రుణం రూ.50 వేల వరకు ఉంది, బ్యాంకులో అడగండి. నగలు లాకర్‌లోనే ఉండనివ్వండి.