బడి గోడ ముందర బొమ్మల సినిమా

హన్మకొండ

బిడ్డా,

బాలల దినోత్సవం నాడు మీ బడి పిల్లలకు ‘టాయ్ స్టోరీ’ అనే ఇంగ్లీషు బొమ్మల సినిమా చూపెడతవని మీ బాపు నిన్న ఫోన్ల చెప్పిండు. విన్నకాన్నుంచి నాకు సంతోషం ఆగుతలేదు, దాని ఎంబడే గుబులు సుత పట్టుకుంది.

ముందుగాల హక్కులున్నోళ్ల కాడ కాయితం మీద అనుమతి తీసుకో. ఇంట్ల చూసే చందాతోని ఊరందరికీ వేసుడు కుదరది. 3,000 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ప్రొజెక్టర్ ఉంటే చాలు, తెర మాత్రం 10 అడుగుల వెడల్పు దాటనియ్యకు. దాటితే బొమ్మ వెలిసిపోయినట్టు కనబడ్తది. తెల్లబట్ట ఒక్క పొర అయితే వెలుతురు వెనక్కి దాటిపోతది, వెనకాల నల్లబట్ట కట్టు. తెర కింది అంచు నేల నుంచి 4 అడుగులు లేవాలె, లేకుంటే వెనక కూసున్నోళ్లకు ముందటి తలకాయలే కనబడ్తయి. ఈ సినిమా బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లు. 10 అడుగుల తెర మీద ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు వస్తది. పైనా కిందా నల్లపట్టీలు వస్తే రానియ్యి. తెర నిండాలని సాగదీసినవనుకో, మొహాలన్నీ కోలగైతయి.

స్పీకర్లు ప్రొజెక్టర్ పక్కన పెట్టకు, తెరకు అటొకటి ఇటొకటి పెట్టు. బొమ్మ ముందట మాట్లాడుతుంటే గొంతు వీపు వెనక నుంచి వస్తే పిల్లలకు మనసు నిలువది. బ్లూటూత్ వద్దే వద్దు, నోరు ముందు కదిలి మాట తర్వాత వస్తది. తీగతోనే కలుపు. ప్రొజెక్టర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టు. బల్బు ప్రొజెక్టర్ అయితే, కరెంటు పోయినంక సల్లారేదాక మళ్ల వెలగది, ఆ లోపట పిల్లలు లేచి ఉరుకుతరు. నవంబర్ల మన దిక్కు 5:40 అయ్యేసరికి పొద్దుగూకుతది. 6:30కు మొదలువెట్టు. సినిమా 81 నిమిషాలే, 8 కొట్టకముందే పిల్లలు ఇండ్లకు చేరుతరు. సలి ఉంటది, కింద జంపఖానాలు పరువు.

ఇగ నా గుబులంతా సిడ్ ఇంటి గురించి. సిడ్ అంటే బొమ్మలను ఇరగ్గొట్టి, ఒకదాని ముక్కలు ఇంకోదానికి అతికిచ్చే పక్కింటి పిల్లగాడు. సినిమాల ముఖ్యమైన బొమ్మలు వుడీ, బజ్ వాని చేతుల పడ్తయి.

మంచం కింది నుంచి ఒంటికన్ను పసిపాప తలకాయ ఇనుప కాళ్ల మీద సాలీడు లెక్క పాక్కుంట వస్తది సూడు, అక్కడ చిన్నపిల్లలు ఏడుస్తరు. ఏడ్వంగనే పెద్దోళ్లు లైటు వేస్తరు, ఆ భాగం దాటేసి ముందుకు జరుపుతరు. ఆ తప్పు నేనూ చేసిన. నువ్వు చెయ్యకు. ఎందుకంటె ఆ భయం తీర్చే మందు సినిమాలనే ఉంది, కొద్దిసేపు ఆగితే వస్తది. బజ్ చెయ్యి ఊడినంక ఆ అతుకుల బొమ్మలన్నీ ఆయన మీదికి ఎగబడ్తయి. పీక్కతింటయేమోనని వుడీ వాటిని నెట్టేస్తుంటడు. అవి పక్కకు జరిగితే చెయ్యి అతికి ఉంటది. ఒక్క మాట మాట్లాడవు ఆ బొమ్మలు. వికారంగ ఉన్నయే మంచియని పిల్లలు వాళ్లంతట వాళ్లే కనుక్కుంటరు. నువ్వు మధ్యల తెంపితే భయం ఒక్కటే ఇంటికి పోతది, రాత్రంతా దాంతోనే పండుకుంటరు. ఏడ్చే పిల్లను ఒళ్లె కూసుండబెట్టుకో, లైటు మాత్రం వెయ్యకు. మీ పిల్లలు ముంజకాయ బుర్రలతోని బండ్లు చేసి ఉరికిచ్చేటోళ్లు, అతికిచ్చి బొమ్మ చేసుడు వాళ్లకు తెలువని సంగతి కాదు.

మైకు పట్టుకొని మధ్యమధ్యన తెలుగుల చెప్పాలనుకుంటున్నవట. వద్దు తల్లీ. ముందుగాల నాలుగు ముక్కలు చెప్పు: ఆండీ అనే పిల్లగాడు, వాని పాత బొమ్మ వుడీ, పుట్టినరోజుకు వచ్చిన కొత్త బొమ్మ బజ్, మనుషులు వస్తే బొమ్మలన్నీ ఎక్కడివక్కడ పడిపోవుడు. అంతే. మిగిలింది కండ్లకు అర్థమైతది. బజ్ టీవీల తన ప్రకటన తానే చూసి, చెయ్యి మీద ‘మేడ్ ఇన్ తైవాన్’ అని చదివి, అయినా ఎగుర్తనని మెట్ల కటకటాల మీద నుంచి దుంకి కింద పడ్తడు. ఆ దుంకే కాడ మాటలు తక్కువ, పాటే నడుస్తది. నీ మైకు ఆడ మోగిందంటే ఆ పడుడు పడుడు కాకుంట పోతది.

30 ఏండ్లైనా ఈ సినిమా ఎందుకు పాతబడలేదని అడిగితివట. 1995 నవంబర్ 22న వచ్చినప్పుడు మొత్తం కంప్యూటర్ల గీసిన మొదటి పూర్తి నిడివి సినిమా ఇదే. అప్పటి కంప్యూటర్లకు మనిషి తోలు, వెంట్రుకలు గీసుడు కష్టం, నున్నటి ప్లాస్టిక్ సులువు. ఆండీ మొహం చూడు, ఇప్పుడు పాతగనే కనబడ్తది. బజ్ మాత్రం నిన్న దుకాణంల కొన్నట్టే ఉంటడు. సినిమాల మొత్తం 1,14,240 ఫ్రేములు (విడివిడి బొమ్మలు), ఒక్కోటి తయారు కానీకి 45 నిమిషాల నుంచి 30 గంటలు. కాని దీన్ని నిలబెట్టింది కథ బిడ్డా. 1993 నవంబర్ల చూపెట్టిన నమూనాల వుడీ మరీ చెడ్డోడు, కావాలనే బజ్‌ను కిటికీల నుంచి నూకేస్తడు. అది చూసి, పైసలు పెట్టిన డిస్నీ వాళ్లు పని ఆపేసిన్రు. సినిమా తీసే పిక్సార్ వాళ్లు మళ్ల కూసోని రాసిన్రు. ఇప్పుడు అది పొరపాటున జరుగుతది, అందుకే వాని కుళ్లును మనం మన్నిస్తం. ఇంట్ల తమ్ముడో చెల్లెనో పుట్టినప్పుడు అమ్మ ఒడి కోసం కొట్లాడిన ప్రతి పిల్లకు అది తెలుస్తది. నీకు తెలువదా? మీ తమ్ముడు పుట్టిన్నాడు నువ్వు ఐనవోలు జాతరల కొన్న బొమ్మను బావిల పారేసినవ్.

ముందు రోజు రాత్రే ఒకసారి మొత్తం పెట్టి చూడు, ల్యాప్‌టాప్ నడుమల నిద్రపోకుంట సెట్టింగ్ మార్చు. నల్లబట్ట, తాళ్లు నా కాడ ఉన్నయి, ఆదివారం వచ్చి తీస్కపో. అన్నం ఇక్కడనే తినాలె.

నీ పెద్దబాపు