వడగాలి రోజుల్లో పుస్తకం పట్టుకునే ముందు

చి॥ అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

వడగాలులు తగ్గేదాకా ఎలాగూ ఇల్లు కదలలేను కాబట్టి, పేరుకుపోయిన పుస్తకాలన్నీ చదివేస్తానని రాశావు. సంకల్పం మంచిదే. కానీ నువ్వు పంపిన జాబితా చలికాలానికి వేసుకున్నట్టుంది: ఎనిమిది వందల పేజీల నవల, రెండు లావుపాటి చరిత్ర పుస్తకాలు, పైగా రోజూ సాయంత్రం స్నేహితులతో సినిమా. ఎండకు ఒళ్లు అలిసిందని మనకు తెలిసేలోపే బుర్ర మందగిస్తుంది. చెమట కనబడుతుంది, మందగించడం కనబడదు. అందుకే ఒకే పేరాను మూడోసారి చదువుతూ రచయితను తిట్టుకుంటాం. కాబట్టి ఏం చదవాలన్నది తర్వాత చూద్దువుగాని, ఏ గంటకు ఏది అన్నది ముందు తేల్చుకో.

తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా రోజు మొత్తంలో బంగారం లాంటి సమయం. రాత్రంతా కిటికీలు తీసి ఉంచితే గోడలు కాస్త చల్లబడి ఉంటాయి, నిద్రతో ఒళ్లు తేరుకుని ఉంటుంది. కష్టమైన పుస్తకం ఏదైనా సరే, అప్పుడే తియ్యి. నలభై నిమిషాలు చదివి లేచి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చో. ఇలా మూడు విడతలు కూర్చుంటే ఆ రోజుకు గట్టి చదువు అయిపోయినట్టే. మధ్యాహ్నం ఇంకో వంద పేజీలు లాగుదామని చూడకు. లాగినా మర్నాడు అవే మళ్లీ చదవాలి.

ఎనిమిది, తొమ్మిది మధ్య బయటి గాలి గదిలోకన్నా వేడెక్కుతుంది. చిన్న ఉష్ణమాపకం ఒకటి గదిలో, ఒకటి బయట నీడలో పెట్టుకుంటే ఆ క్షణం సరిగ్గా తెలుస్తుంది. అప్పుడు కిటికీలు, కర్టెన్లు మూసెయ్యి. గాలి రావాలని మధ్యాహ్నం కిటికీ తెరిచి దాని పక్కన కూర్చుని చదవడం చాలామంది చేసే పొరపాటు. ఆ గాలితోపాటు వేడి కూడా లోపలికొచ్చి రాత్రిదాకా గోడల్లోనే ఉంటుంది.

పదకొండు నుంచి నాలుగు దాకా కొత్త పుస్తకం మొదలుపెట్టకు. కొత్త నవల అంటే పేర్లు, చుట్టరికాలు, ఊళ్లు అన్నీ బుర్రలో పట్టి ఉంచుకోవాలి. ఎండలో ముందు జారిపోయేవి అవే. ఆ వేళకు బాగా తగేది ఇదివరకు చదివి ఇష్టపడ్డ పుస్తకం. కథ తెలుసు కాబట్టి బరువు ఉండదు, మొదటిసారి కళ్లు పరిగెత్తించిన చోట ఈసారి ఆగి చూస్తావు. తర్వాత లేఖల సంపుటాలు, డైరీలు, చిన్న వ్యాసాలు, రెండు మూడు పేజీల కథలు. ఎక్కడ ఆపినా తెగినట్టు ఉండవు. నాటకాలు చాలామందికి తోచవు గాని, ఎండవేళకు అవి చాలా అనువు. ఎవరు మాట్లాడుతున్నారో ప్రతి మాట ముందూ పేరు అచ్చు వేసి ఉంటుంది, గుర్తు పెట్టుకునే పని తగ్గుతుంది. కవిత్వమైతే నాలుగు పాదాలు చదివి కళ్లు మూసుకోవచ్చు. అది బద్ధకం కాదు, కవిత్వం చదివే పద్ధతే అది. నడుస్తున్న నవలను వదల్లేకపోతే అట్టముక్క ఒకటి గుర్తుగా పెట్టుకుని, పాత్రల పేర్లు, వరసలు దానిమీదే రాసుకో.

డిటెక్టివ్ నవలల గురించి ఒక హెచ్చరిక. అవి బాగుండవని కాదు, బాగుంటాయి కాబట్టే ప్రమాదం. హంతకుడెవరో తేలేదాకా లేవవు, దాహం వేసిందని కూడా తెలియదు. గంటకోసారి మోగేలా అలారం పెట్టుకో. మోగినప్పుడల్లా ఒక కప్పు నీళ్లు, ఒక చుట్టు నడక. రోజు మొత్తానికి రెండు మూడు లీటర్లు తాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గుండెకో కిడ్నీకో మందులు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఎంత తాగాలో వాళ్ల డాక్టరునే అడగాలి. మంచు దేశాల కథలు చదివితే చల్లబడతామనే మాటొకటి ఉంది. మనసుకు కాస్త హాయి, నిజమే. ఒంట్లో వేడి మాత్రం ఒక్క పిసరు తగ్గదు.

సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా గది మరీ దుర్భరంగా ఉంటుంది, ముఖ్యంగా పై అంతస్తులో. పగలంతా శ్లాబు తాగిన వేడిని అప్పుడే కిందికి వదులుతుంది. ఆ వేళ కళ్లతో పనిలేకుండా చెవులతో కానియ్యి. ఇంట్లో అన్నిటికన్నా కింది అంతస్తులో, వట్టి నేలమీద పడుకుని ఆడియో పుస్తకమో, రేడియో నాటకమో, సంగీతమో విను. ఇయర్‌ఫోన్లు వద్దు. చెమట, వేడి లోపలే ఉండిపోయి చెవి దురద పుడుతుంది. చిన్న స్పీకరు తలకు మూరెడు దూరంలో చాలు. ఆడియో వేగం పెంచి వినే అలవాటు ఉంటే ఈ రోజుల్లో మానెయ్యి. ఇరవై నిమిషాలకు ఆగేలా స్లీప్ టైమర్ పెట్టుకుంటే, నిద్ర పట్టినా ఎక్కడిదాకా విన్నావో వెతుక్కోవడం తేలిక. ఇంట్లో నలుగురు ఉంటే ఒకరు చదవడం, మిగతావాళ్లు వినడం అన్నిటికన్నా మేలు. పావుగంటకు మనిషిని మార్చాలి. అంతకన్నా చదివితే గొంతు ఎండి, చదివేవాళ్లకూ వినేవాళ్లకూ విసుగు వస్తుంది.

ఇక కూర్చునే తీరు. పడుకుని పుస్తకం పొట్టమీద పెట్టుకోకు. కాగితం వేడిని బయటికి పోనివ్వదు, ఆ చోట చెమట పట్టి పుస్తకమూ పాడవుతుంది. బల్లమీద ఏటవాలు స్టాండు, వెనక గాలి ఆడే జాలీ కుర్చీ మంచివి. ఫ్యాను గాలి ముఖానికి సూటిగా కొడితే కళ్లు ఎండి మండుతాయి. పక్కనుంచి, నడుం కింది భాగానికి తగిలేలా తిప్పుకో. పేజీలు ఎగరకుండా రెండు వైపులా రెండు క్లిప్పులు పెట్టుకో. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మేలు చేయదు, వేడిగాలిని ఒంటికి కొడుతుంది. అప్పుడు చదువు ఆపి చల్లని చోటికి వెళ్లాల్సిందే. ఏసీ ఉంటే 27 దగ్గర పెట్టి, తోడుగా ఫ్యాను వేసుకో. గది మరో నాలుగు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది, కరెంటూ ఆదా. కర్టెన్లు మూశాక వెలుతురుకు ఎల్‌ఈడీ బల్బు వాడు. పాతకాలపు గుండ్రటి బల్బు తినే కరెంటులో ముప్పాతికకు పైగా వేడిగానే పోతుంది.

ఎండలో పుస్తకాలకూ వడదెబ్బ తగులుతుంది. పేపర్‌బ్యాకుల వెన్నుకు పూసేది వేడిచేసి పోసే జిగురు. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలకే పది డిగ్రీలదాకా వేడి పెరుగుతుంది. గంటసేపు డాష్‌బోర్డు మీద ఉంటే ఆ జిగురు మెత్తబడుతుంది. అప్పుడు తెరిచావా, పేజీలు కట్టలుకట్టలుగా ఊడి వస్తాయి. మెత్తబడిందని అనుమానం వస్తే తెరవకుండా, చదునుగా పడుకోబెట్టి, పైన బరువు పెట్టి, పూర్తిగా చల్లారేదాకా వదిలెయ్యి. కిటికీ అద్దం ఎండను ఆపుతుందని నమ్మకు. రంగు వెలవెలబోయేలా చేసే కిరణాల్లో చాలావరకు అద్దం దాటి వస్తాయి.

చల్లని గ్లాసు ఇంకో శత్రువు. బయటంతా చెమ్మపట్టి, దాని కింద పెట్టిన పుస్తకం అట్టమీద వలయం పడుతుంది. గ్లాసు ఎప్పుడూ పుస్తకం కన్నా కిందిస్థాయిలో, పక్క స్టూలు మీద ఉండాలి. ఒలికితే ఆ నీళ్లు నేలపాలు కావాలి గాని పేజీలపాలు కాకూడదు. తడిసిందే అనుకో, ఎండలో పెట్టకు. అట్ట వంకర్లు తిరుగుతుంది, కాగితం గొట్టాలు చుట్టుకుంటుంది. పదేసి పేజీలకు ఒక అచ్చులేని తెల్లకాగితం పెట్టి, నీడలో, గాలి సూటిగా కొట్టని చోట ఉంచు. తెల్లకాగితాలు తడిసినప్పుడల్లా మార్చు. దినపత్రిక పెడితే దాని సిరా అంటుకుంటుంది. రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకమైతే ఇంకా తొందరపడాలి. తడి ఆరేటప్పుడు పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతే మళ్లీ విడవు. వెంటనే చూసుకునే తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజరులో పెట్టెయ్యి. బాగయిపోదు గాని, ఇంకా పాడవకుండా ఆగుతుంది.

నీటి కూలరుంటే పుస్తకాల బీరువా దానికి ఎదురుగా ఉండకూడదు. చెమ్మకు పేజీల అంచులు అలల్లా ఉబ్బుతాయి. కాగితం చెమ్మకు సాగడం, ఆరితే ముడుచుకోవడం ఎంత పెద్ద సమస్యంటే, మనం ఏసీ అని పిలిచే యంత్రం పుట్టిందే అందుకు. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు ఒక ఏర్పాటు చేశాడు. అంటే చల్లగాలి సుఖం ముందు దక్కింది కాగితానికి. మనుషుల వంతు తర్వాత వచ్చింది. 1925లో అదే నగరంలోని రివోలి థియేటర్‌లో క్యారియర్ యంత్రం పెట్టాక జనం ఎండ తప్పించుకోవడానికే సినిమాకు వెళ్లడం అలవాటు చేసుకున్నారు. నువ్వు వేసవి సినిమాలంటూ ఎదురుచూసేవాటి వెనక ఆ చల్లగాలి కూడా ఉంది.

ఫోన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. చాలా ఫోన్లు 35 డిగ్రీల లోపు వాతావరణానికే తయారవుతాయి. అది దాటితే తెర మసకబారుతుంది, చార్జింగ్ ఆగుతుంది. చార్జింగ్ పెట్టి సినిమా చూడకు, కవరు తీసెయ్యి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టకు, లోపల చెమ్మ చేరుతుంది. వినాలనుకున్నవి, చూడాలనుకున్నవి రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. కరెంటు సరిగ్గా నడిమధ్యాహ్నమే పోతుంది.

స్నేహితులతో సినిమా విషయానికి వస్తే, ఒక చిన్న లెక్క వేద్దాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంటినుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఎనిమిది మందిని చిన్న గదిలో కూర్చోబెట్టి, 250 వాట్ల ప్రొజెక్టరు వేస్తే వెయ్యి వాట్లు దాటింది. చలికాలంలో హీటరు వేసుకున్నట్టే. కాబట్టి గదిలో అయితే ముగ్గురు నలుగురు. అంతకన్నా ఎక్కువమంది వస్తే డాబామీద, అదీ బాగా చీకటిపడ్డాక. సూర్యాస్తమయానికే డాబాను నీళ్లతో తడిపి, గంట ఆగి చాపలు వెయ్యి. ప్రొజెక్టరు చుట్టూ అడుగు ఖాళీ వదులు. లోపల దీపం ఉన్న రకమైతే ఆపగానే ప్లగ్గు పీకకు, దాని ఫ్యాను ఆగాకే పీకాలి. లేకపోతే దీపం తొందరగా పోతుంది.

బయట లైబ్రరీకో మ్యూజియానికో నాటకానికో వెళ్లేటప్పుడు అందరూ మొదలయ్యే వేళ చూస్తారు. నువ్వు వదిలిపెట్టే వేళ చూడు. ఉదయం ఆట ఒంటిగంటకు వదిలి నిన్ను నడినెత్తిన ఎండలోకి తోస్తుంది. సాయంత్రం ఆరు తర్వాత మొదలయ్యేది ఎంచుకో. లైబ్రరీ అయితే తెరవగానే లోపలికి వెళ్లి, ఎండ వాలాక బయటికి రా. వెళ్లే ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడుగు: ఏసీ నిజంగా పనిచేస్తోందా, బయట వరసలో నిలబడాలా? చల్లని హాల్లో రెండు గంటల సుఖం కోసం ముప్పావుగంట ఎండలో నిలబడటం దండగ. టికెట్టు ముందే తీసుకో. పల్చటి శాలువా ఒకటి సంచిలో వేసుకో, తడిచొక్కాతో ఏసీ కింద కూర్చుంటే వణుకు వస్తుంది. ఆరుబయట ప్రదర్శన అయితే సిమెంటు మెట్లు రాత్రి తొమ్మిదైనా కాలుతుంటాయి, మడత దుప్పటి తీసుకెళ్లు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కారణం లేకుండా చిరాకు, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం వీటిలో ఏది కనబడినా పుస్తకం మూసెయ్యి. చల్లని చోట పడుకుని, మెడకు, చంకలకు తడిగుడ్డ పెట్టుకుని, నీళ్లు కొంచెం కొంచెంగా తాగు. పక్కవాళ్లెవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు చల్లుతూ గాలి తగలనివ్వాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక నీ జాబితా. చరిత్ర పుస్తకాల్లో చిన్నదాన్ని తెల్లవారుజాముకు ఉంచు. రెండోది వచ్చే నెలకు. మధ్యాహ్నాలకు పాతవి రెండు తీసి బయట పెట్టుకో. ఆ ఎనిమిది వందల పేజీల నవలను వానలు పడేదాకా ముట్టకు. అలాగని అటకమీద పడేసేవు, ఇంట్లో అన్నిటికన్నా వేడి అక్కడే. బీరువా కింది అరలో, గోడకు రెండంగుళాలు ఎడంగా నిలబెట్టు.

ఇట్లు,
మీ పెద్దనాన్న