నగలు తాకట్టు పెట్టి అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ కొనొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా వారు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 1.28 లక్షలు చేతికొస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 36,000, ఇంటి ఖర్చు 48,000, పిల్లల ఫీజులు, మా అత్తగారి మందులు కలిపి 14,000 అవుతాయి. బ్యాంకులో 1.4 లక్షలు ఉన్నాయి. మాకు తెలిసిన ఆర్ట్ డీలర్ ఒకాయన ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న ఒక చిత్రకారుడి అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌ను 9 లక్షలకు, జీఎస్టీ అదనంగా, ఇప్పిస్తానంటున్నారు. మూడేళ్లలో రెట్టింపు అవుతుందని ఆయన మాట. గైతోండే వేసిన బొమ్మ 67 కోట్లకు పోయిందని మేమూ పేపర్లో చదివాం. నా నగల మీద 4 లక్షలు, పర్సనల్ లోన్ 5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. 20,000 టోకెన్ కూడా ఇచ్చాం. బొమ్మ నాకు నిజంగా నచ్చింది. అసలు ఇలాంటి బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయి, వీటికి అంత ధర ఎందుకు పెడతారు? కొనమంటారా?

జవాబు: కొనొద్దమ్మా. బొమ్మ బాగాలేదని కాదు, ఆ చిత్రకారుడు పైకి రాడనీ కాదు. ఆ బొమ్మ ధర పెరిగేదాకా ఆగగలిగే స్థితిలో మీ ఇల్లు ఇప్పుడు లేదు. మీకు విడిగా రాసి ఊరుకోకుండా ఇక్కడే జవాబు ఇవ్వడానికి కారణం, ఇదే పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. ఒకరు శివార్లలో ప్లాట్ కోసం అప్పు చేస్తారు, ఇంకొకరు షేర్ల కోసం, మీరు బొమ్మ కోసం. చేతిలో ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

మనిషో చెట్టో అని పోల్చుకునే రూపం లేకుండా రంగు, గీతలతోనే వేసే ఈ అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల సంగతి ముందు చెబుతాను. అది తెలిస్తే మీ 9 లక్షలు ఎక్కడ ఇరుక్కుంటాయో కూడా తెలుస్తుంది.

ఫొటో వచ్చాక మనిషినో చెట్టునో ఉన్నదున్నట్టు దించడం ఒక్కటే చిత్రకారుడి పని కాకుండా పోయింది. 1896లో మాస్కోలో జరిగిన ఒక ప్రదర్శనలో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే వేసిన గడ్డివాము బొమ్మను కాండిన్‌స్కీ అనే రష్యన్ చూశాడు. అది గడ్డివామని కేటలాగ్ చూస్తే గానీ ఆయనకు తెలియలేదు. అయినా ఆ రంగులు మనసులోంచి పోలేదు. అప్పటికి ఆయన లా, ఎకనామిక్స్ చదివినవాడు, పాఠాలు చెప్పే ఉద్యోగం చేతికందుతోంది. ముప్పై ఏళ్ల వయసులో అదంతా వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లిపోయాడు. అక్కడ ఒక సాయంత్రం మసక వెలుతురులో తన గదిలోకి అడుగుపెడితే గోడకు ఆనించి ఎంతో అందమైన బొమ్మ ఒకటి కనిపించిందట. అందులో ఉన్నదేమిటో పోల్చుకోలేకపోయాడు. దగ్గరికెళ్తే, అది తను వేసిన బొమ్మే, పక్కకు తిప్పి పెట్టి ఉంది. బొమ్మలో వస్తువు ఉండడమే తనకు అడ్డమవుతోందని అప్పుడు అనిపించిందని ఆయనే 1913లో రాసుకున్నాడు. మన దగ్గర సాహిత్యం లేకుండా సాగే రాగాలాపన వింటూ గంటసేపు కూర్చునేవాళ్లున్నారు కదా, రంగుతో, గీతతో అలాంటి అనుభవం ఇవ్వాలన్నది ఆయన పట్టుదల.

అంతకుముందే, 1906లో, స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ ఇలాంటి బొమ్మలు మొదలుపెట్టింది. తను పోయాక 20 ఏళ్ల దాకా వాటిని ఎవరికీ చూపించొద్దని చెప్పి 1944లో కన్నుమూసింది. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో 2018లో మొదలైన ఆమె ప్రదర్శనను ఆరు లక్షల మందికి పైగా చూశారు. వేసిన రోజుకూ జనం గుర్తించిన రోజుకూ మధ్య వందేళ్లు గడిచిపోయాయి. 1915లో రష్యాలో మాలెవిచ్ వేసిన నల్ల చతురస్రం, ఆ తర్వాత డచ్ చిత్రకారుడు మోండ్రియన్ వేసిన గళ్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్‌లో పొలాక్, రోత్కో అనే చిత్రకారులు వచ్చారు. డబ్బున్న కొనుగోలుదారులు గట్టిగా దిగింది ఆ న్యూయార్క్ దశ నుంచే.

కొనేవాళ్లకు ఇవి ఎందుకు నచ్చుతాయి? కథ ఉండదు, దేవుడి బొమ్మ ఉండదు, కాబట్టి ఏ ఇంట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా పెట్టుకోవచ్చు. పొద్దున ఒకలా, లైటు వేశాక ఒకలా కనిపిస్తుంది. పదేళ్లు చూసినా ఇంతేనని అనిపించదు. మీకు నచ్చిందన్నారు, ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. మన తెలుగువాళ్లలోనూ ఈ దారిలో వెళ్లినవాళ్లున్నారు. గుడివాడలో పుట్టి చికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు పేరు వినే ఉంటారు.

ఇక గైతోండే. 1924లో నాగ్‌పూర్‌లో పుట్టారు. బ్రష్షు కన్నా రోలర్, పాలెట్ నైఫ్ (రంగు పూసే చిన్న చాకు) ఎక్కువ వాడి, రంగు పొర మీద పొర ఎక్కించేవారు. చింపిన కాగితం ముక్కలతో కొంత రంగు అద్ది తీసేవారు. కాన్వాస్ ముందు పని చేసే సమయం కన్నా ఊరికే కూర్చుని ఆలోచించే సమయమే ఎక్కువ. అందుకే ఏడాదికి ఐదారు బొమ్మలకు మించి వచ్చేవి కావు. 1984లో ప్రమాదం జరిగాక కొన్నేళ్లు పెద్ద కాన్వాసుల జోలికే పోలేకపోయారు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో చిన్న ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నారు. 2001లో పెద్దగా ఎవరికీ పట్టకుండానే పోయారు. 2013 డిసెంబర్‌లో ముంబై వేలంలో ఆయన బొమ్మ 23.7 కోట్లు పలికింది. మీరు చదివిన 67 కోట్ల బొమ్మ 1970లో వేసినది, అమ్ముడైంది 2025 సెప్టెంబర్‌లో. మధ్యలో 55 ఏళ్లు. మీ డీలర్ చెబుతున్నది మూడేళ్లు. పైగా గైతోండేతో పాటు ఆ రోజుల్లో బొమ్మలు వేసి, ఈరోజు ఏ వేలంలోనూ కనిపించనివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల సంగతి పేపర్లో రాదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ముఖచిత్రమో పల్లె దృశ్యమో అయితే చేతి పనితనం మనబోటి వాళ్లకు ఎంతోకొంత తెలుస్తుంది. అబ్‌స్ట్రాక్ట్‌లో ధరంతా పేరు మీద, ఆ బొమ్మ ఏయే ప్రదర్శనల్లో ఉంది, ఎవరెవరి చేతులు మారింది అన్న కాగితాల మీద నిలబడుతుంది. కాగితాలు కదిలితే ధర కూలిపోతుంది. న్యూయార్క్‌లో 1846 నుంచి నడిచిన నోడ్లర్ గ్యాలరీ 2011లో మూతపడింది. రోత్కో, పొలాక్ పేర్లతో అక్కడ ఏళ్ల తరబడి అమ్ముడైన బొమ్మలు క్వీన్స్‌లో ఉండే ఒక చిత్రకారుడు వేసిన నకిలీలని తేలింది. అలా చలామణి అయిన నకిలీల మొత్తం విలువ దాదాపు 8 కోట్ల డాలర్లు. ఒకదాని మీద పొలాక్ సంతకంలో స్పెల్లింగే తప్పు. కోట్లు పెట్టిన సంపన్నులు, చుట్టూ నిపుణులున్నవాళ్లు మోసపోయారు. మీ దగ్గర ఉన్నది డీలర్ నోటిమాట.

ఇప్పుడు మీ లెక్క. 9 లక్షల మీద 5 శాతం జీఎస్టీ 45,000. మొత్తం 9.45 లక్షలు. పర్సనల్ లోన్ 5 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 17,100, వడ్డీ మొత్తం 1.15 లక్షలు. నగల మీద 4 లక్షలకు 10 శాతమే అనుకున్నా మూడేళ్లకు 1.2 లక్షలు. అంటే బొమ్మ మీకు పడేది 11.8 లక్షలు. అమ్మేటప్పుడు కమీషన్ 10 శాతం పోతుందనుకుంటే, 13.1 లక్షలకు అమ్మితేనే మీరు అసలుకు అసలు బయటపడతారు. పన్ను దీనికి అదనం, లాభం మీద 12.5 శాతం. ఇంట్లో గోడకు ఉన్న సొంత వస్తువే కదా, పన్నెందుకు అనుకోవద్దు, చట్టంలో పెయింటింగులకు ఆ మినహాయింపు లేదు.

ఇదంతా కొనేవాడు దొరికితే. బంగారం ఏ ఊళ్లోనైనా గంటలో అమ్ముకోవచ్చు. వర్ధమాన చిత్రకారుడి బొమ్మకు మీరు కావాలనుకున్న రోజున కొనేవాడుండడు. అమ్మిన డీలరే తిరిగి కొంటానని రాసివ్వడు. కావాలంటే అడిగి చూడండి, మూడేళ్లలో రెట్టింపన్న మనిషి మూడేళ్ల తర్వాత కొన్న ధరకే వెనక్కి తీసుకుంటానని కాగితం మీద సంతకం పెడతాడేమో. మన దేశంలో 2006 ప్రాంతంలో, మదుపరుల డబ్బుతో బొమ్మలు కొని అమ్మే ఆర్ట్ ఫండ్లు వచ్చాయి. అందులో ఒక వేలం సంస్థ నడిపినది వంద కోట్లకు పైగా సమీకరించి, 2008 మాంద్యం తర్వాత గడువుకు మదుపరుల డబ్బు తిరిగివ్వలేకపోయింది. వేలం సంస్థ అండ ఉన్నవాళ్లకే ఆ గతి పట్టింది.

ఇప్పుడు నెల సంగతి చూడండి. మీకు నెల ఖర్చు 98,000, మిగిలేది 30,000. కొత్త ఈఎంఐ, నగల వడ్డీ కలిపి 20,400 పోతే చేతిలో 10,000 లోపే. ఇచ్చిన టోకెన్ 20,000 పోగా మిగతా జీఎస్టీ 25,000 కట్టాక బ్యాంకులో 1.15 లక్షలు ఉంటాయి. అది మీ ఇంటికి ఐదు వారాల ఖర్చు. మీ వారి ఉద్యోగం రెండు నెలలు ఆగినా, స్కూల్లో జీతం ఆలస్యమైనా, అత్తగారిని ఆస్పత్రిలో చేర్చినా, అప్పుడు ఏం అమ్ముతారు? బొమ్మ అమ్ముడుపోదు. నగలు అప్పటికే తాకట్టులో ఉంటాయి. ఇల్లు బ్యాంకు చేతిలో ఉంది. మిగిలేది క్రెడిట్ కార్డు. దాని మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం వడ్డీ. ఇంతటి అప్పును ఇష్టం పేరుతోనో పెట్టుబడి పేరుతోనో ఎవరు సమర్థించినా నాకు ఓపిక ఉండదు. ఇంట్లో ఆడవాళ్ల నగలంటే ఆఖరి ఆసరా. అవి ఆపదకు అక్కరకు రావాలి గానీ, ఎవరి కమీషన్ కోసమో లాకర్లోంచి బయటికి రాకూడదు.

మీకు కావలసిన అత్యవసర నిధి ఆరు నెలలకు 5.88 లక్షలు. ఉన్నది 1.4 లక్షలు, లోటు 4.48 లక్షలు. అప్పుకు కడదామనుకున్న ఆ 20,400నే నెలనెలా పక్కన పెట్టండి, 22 నెలల్లో లోటు తీరిపోతుంది, వడ్డీ కలవకుండానే. జీతం పడిన మర్నాడే వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లిపోయేలా పెట్టుకోండి. ఆ ఖాతాకు యూపీఐ తగిలించకండి. పండక్కి, పెళ్లిళ్లకు, ఫోన్ మార్చడానికి అందులోంచి తీయకూడదు. దాన్ని పొదుపుగా కాదు, ఇంటి అద్దెలా తప్పనిసరి ఖర్చుగా లెక్కేయండి. వాడాల్సి వస్తే, మళ్లీ నిండేదాకా ఇంకే పెట్టుబడీ వద్దు.

జీతం మీద బతికేవాళ్లు ఇలాంటి కళ కొనలేరని నేననడం లేదు. న్యూయార్క్‌లో హెర్బ్, డొరొతీ వోగెల్ అని దంపతులుండేవారు. ఆయన పోస్టాఫీసు గుమాస్తా, ఆవిడ లైబ్రేరియన్. ఆవిడ జీతంతో ఇల్లు గడిపి, ఆయన జీతంతో బొమ్మలు కొనేవారు. చిన్న అపార్ట్‌మెంట్లో పట్టేవి మాత్రమే, తమ స్తోమతకు అందినవి మాత్రమే తెచ్చుకునేవారు. దశాబ్దాల్లో నాలుగు వేలకు పైగా పోగయ్యాయి. 1992 నుంచి వాటిని వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి, తర్వాత ఇతర మ్యూజియాలకు ఇచ్చేశారు. ఒక జీతంతో ఇల్లు గడిచింది కాబట్టి వాళ్లకు ఎప్పుడూ బొమ్మ అమ్ముకోవాల్సిన అవసరం రాలేదు. మీకూ రెండు జీతాలున్నాయి, కానీ ప్రస్తుతానికి రెండూ కలిస్తేనే నెల గడుస్తోంది.

బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. నిధితో పాటే ఈ నెలలోనే అది చూడండి. మీ వారికి కంపెనీ పాలసీ ఉన్నా, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. సొంతంగా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), ఆయన ఏడాది జీతానికి పదిహేను రెట్లకు తగ్గకుండా టర్మ్ పాలసీ తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. నెలకు మిగిలే 30,000లో ఆ 20,400 పోగా ఉన్న 9,600 ముందు వీటికే వెళ్లాలి. సిప్‌లు, ఎన్‌పీఎస్, బంగారం గురించి నిధి నిండాక మాట్లాడుకుందాం.

గోడ ఖాళీగా ఉంచమని కూడా అనను. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి పిల్లలతో వెళ్లండి. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ప్రదర్శనలకు వెళ్లి చూడండి. చూస్తూ పోతే కన్ను అలవాటవుతుంది. నిధి నిండాక, కొన్ని వేలల్లో దొరికే సంతకం ఉన్న ప్రింటో, విద్యార్థి వేసిన బొమ్మో చేతి డబ్బుతో కొనండి. బిల్లు, చిత్రకారుడి సంతకంతో చిన్న ధ్రువపత్రం, బొమ్మ వెనక వైపు ఫొటో తీసి దాచుకోండి. ఎప్పటికీ అమ్ముడుపోకపోయినా బాధ లేదు అనిపించే ధరకే కొనండి.

టోకెన్ 20,000 గురించి. ఈ వారంలోనే వద్దని మెసేజ్ రూపంలో రాసి పంపి, వెనక్కి అడగండి. నోటితో చెప్పి ఊరుకోకండి. ఇస్తే నిధి ఖాతాలో వేయండి. ఇవ్వకపోతే ఆ 20,000 వదులుకోండి, దాని కోసం 9 లక్షల అప్పులోకి దిగకండి. పర్సనల్ లోన్‌కు అప్లై చేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే ఈరోజే రద్దు చేయించండి.