టెంకాయా, కొబ్బరికాయా? బొండమా, బొండామా?

సందేహం: ఎండాకాలం సెలవులకు వచ్చిన పిల్లలకు ఈసారి కూల్‌డ్రింకులు పూర్తిగా మాన్పించాం. పెరట్లో దింపించిన బొండాలే రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదికీ. మా మనవరాలు సెలవుల హోంవర్కులో ఇలా రాసింది: 'మేమందరం టెంకాయ నీళ్లు తాగాము. లోపలి లేత కొబ్బరి తిన్నాము. టెంకాయ నీళ్లు ఒంటికి చాలా మంచిది.' మా కోడలిది అమలాపురం. 'టెంకాయ కాదు, కొబ్బరిబొండం' అని దిద్దింది. మావారు 'బోండాం' అనాలంటారు. అసలు 'బొండం తాగాం' అనడమే తప్పని పక్కింటి మాస్టారు అన్నారు, తాగేది నీళ్లు కదా అని. ఏది సరైన తెలుగు?
(కావలి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందు టెంకాయ సంగతి చూద్దాం. మన నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు టెంకాయ అంటే అదేదో పల్లెటూరి మాట అన్నట్టు చూసేవాళ్లు ఉన్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. తమిళంలో తేంగాయ్, మలయాళంలో తేంగ, కన్నడంలో తెంగినకాయి. మన టెంకాయ వీటికి తోడబుట్టిన మాట. ఆ భాషల్లో చెట్టుకూ తెంగు అనే పేరు మిగిలింది. మనకు కాయ పేరే మిగిలి, చెట్టును 'టెంకాయ చెట్టు' అంటున్నాం. మామిడి టెంక లాంటి టెంక ఉన్న కాయ కాబట్టి టెంకాయ అని కొందరు చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, పొరుగు భాషల రూపాలు చూశాక నాకు నమ్మబుద్ధి కాదు.

మరి కొబ్బరి? అది మొదట కాయ పేరు కాదు, లోపలి తెల్లటి గుజ్జు పేరు. హిందీలో ఖోప్రా అన్నా, మలయాళంలో కొప్పర అన్నా ఎండిన గుజ్జే. మన వంటింట్లో మాటలు చూడండి: కొబ్బరి కోరు, కొబ్బరి పచ్చడి, కొబ్బరి ఉండలు, ఎండు కొబ్బరి. ఇవన్నీ గుజ్జుతో అయ్యే పనులే. ఆ గుజ్జు ఉన్న కాయ కాబట్టి కొబ్బరికాయ అయింది. అంటే మీ కోడలి మాటా తప్పు కాదు. కాకపోతే కాయకు ఒక పేరు, గుజ్జుకు ఒక పేరు ఉన్న పాత పద్ధతి మన వైపు ఎక్కువగా నిలిచింది. మనవాళ్లలోనూ 'టెంకాయ పచ్చడి' అనేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ హద్దు ఇక్కడా కొంత చెదిరిందనే చెప్పాలి.

మొన్న మైపాడు సముద్రం దగ్గర బండి ముందు నిలబడ్డాను. బండికి కట్టిన అట్ట మీద 'కొబ్బరి బొండాలు' అని రాసి ఉంది. బండి అతను మాత్రం నన్ను అడిగింది, 'నీళ్లది కావాల్నా సార్, కొబ్బరిది కావాల్నా?' అని. కాయను చెవి దగ్గర పెట్టి ఊపి, చప్పుడు రానిది ఏరి, తల చెక్కి ఇచ్చాడు. తాగాక రెండుగా నరికి, పీచులోంచే ఒక పెచ్చు కొట్టి చేతిలో పెట్టాడు. 'కొబ్బరి మీగడ మాదిరి ఉండాది, తినండి' అన్నాడు. రాతలో కొబ్బరి అంటే కాయ, అతని నోట్లో కొబ్బరి అంటే గుజ్జు. రెండూ ఒకే బండి మీద ఉన్నాయి.

అతను ఊపి చూడటంలోనే మీ ఇంకో సందేహానికి జవాబుంది. ఆరేడు నెలల కాయ నిండా నీళ్లే, అందుకే చప్పుడు రాదు. అది బొండం. ఏడాది నాటికి ముదిరి, గుజ్జు గట్టిపడి, నీళ్లు తగ్గి లోపల గలగలమంటుంది. గుడిలో కొట్టేది ఆ టెంకాయ. ఇంకా ఎండి, గుజ్జు చిప్పను వదిలేస్తే కోనసీమలో కురిడీ అంటారు, మీ కోడలిని అడగండి. ఇలా వయసును బట్టి పేర్లున్నప్పుడు, లేతకాయ నీళ్లను 'బొండం నీళ్లు' అంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. లేత నీళ్లకు 'ఎలనీరు' అని చక్కటి పాతమాట కూడా ఉంది. ఎలమావి, ఎలనాగ, ఎలప్రాయం అన్నప్పటి 'ఎల'యే అది. తమిళులు ఇళనీర్ అనీ కన్నడిగులు ఎళనీరు అనీ రోజూ అంటుంటే, మనం ఆ మాటను నిఘంటువులకు వదిలేశాం.

బొండము, బొండం, బొండాలు. గ్రంథము, గ్రంథం, గ్రంథాలు ఎలాగో ఇదీ అంతే. అమ్మేవాళ్లు ఎప్పుడూ 'బొండాలు, బొండాలు' అనే అరుస్తారు. ఆ దీర్ఘమే ఏకవచనంలోకి జారి బొండాం, బోండాం అయి ఉంటుందని నా ఊహ. మీవారు నోటితో అలాగే అననివ్వండి. రాసేటప్పుడు బొండం అని రాస్తే చాలు.

'బొండం తాగాం' నూటికి నూరుపాళ్లూ తెలుగే. 'రెండు గ్లాసులు తాగాడు' అంటే గాజు మింగాడని ఎవరూ అనుకోరు. 'ఊరంతా నవ్వింది' అంటే నవ్వింది మనుషులే. ఉన్న చోటు పేరు చెప్పి అందులో ఉన్నదాన్ని సూచించడాన్ని మన అలంకారికులు లక్షణ అన్నారు. మాస్టారికి ఆ సంగతి గుర్తు చేయండి.

అసలు తప్పు ఒకటుంది, దాన్ని మీ ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు. 'నీళ్లు మంచిది' అని రాసింది పాప. నీరు మంచిది, నీళ్లు మంచివి. నీళ్లు, పాలు ఎప్పుడూ బహువచనమే. 'పాలు విరిగిపోయాయి' అంటాం గానీ 'విరిగిపోయింది' అనం కదా. ఈ మధ్య ప్రకటనల్లోనూ టీవీల్లోనూ 'కొబ్బరి నీళ్లు ఆరోగ్యానికి మంచిది' అని పదేపదే విని పిల్లలకు అదే అలవాటవుతోంది.

అన్నట్టు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లుంటే డాక్టరును అడిగాకే ఇవ్వండి, ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాప నోట్సులో టెంకాయను అలాగే ఉండనివ్వండి. 'మంచిది'ని కొట్టేసి 'మంచివి' అని తన చేతే రాయించండి.