లక్షన్నర కట్టే ముందు

అమ్మడూ,

లక్షన్నర ఫీజు కట్టి ఆరు నెలల్లో, అనుమతితో కంప్యూటర్లలోకి చొరబడి లోపాలు పట్టే ఎథికల్ హ్యాకర్ అయిపోతానంటున్నావట. నీకు వద్దని చెప్పమని మీ నాన్న నిన్న రాత్రి నాకు ఫోను చేశాడు. నేను వద్దనడం లేదు, కొన్నాళ్లు ఆగమంటున్నాను.

కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టును పరీక్ష ముందు రోజు చదివి గట్టెక్కావు కదా, ముందు ఆ పుస్తకం మళ్లీ తియ్యి. బ్రౌజర్‌లో చిరునామా కొట్టాక పేజీ తెరుచుకునేలోగా ఆ పేరుకు ఐపీ నంబరు వెతికిచ్చే డీఎన్‌ఎస్ ఏం చేసిందో, రెండు కంప్యూటర్లను మాట్లాడించే టీసీపీ ఎలా చేయి కలిపిందో, నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటాను చూపించే వైర్‌షార్క్‌లో నీ కళ్లతో చూడు. వైర్‌షార్క్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని కమాండ్లు నేర్పే బాండిట్ ఆట, అన్నీ ఉచితమే.

తర్వాత నీ కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు అనే లినక్స్ పెట్టి, దూరం నుంచి లాగిన్ అవనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేసి, కావాలనే పదిసార్లు తప్పుడు పాస్‌వర్డ్ కొట్టు. జరిగినవి నమోదయ్యే లాగ్ ఫైలు తెరిస్తే ప్రతి తప్పూ ఒక వరుసగా కనిపిస్తుంది: ఏ సమయంలో, ఏ పేరుతో, ఏ ఐపీ నుంచి. వరుసల మధ్య ఎడం గమనించు. నీ వేళ్లకు నాలుగైదు సెకన్లు పడుతుంది. అదే సెకనుకు పది వరుసలు పడుతుంటే అవతల కొడుతున్నది మనిషి కాదు. కొత్తగా సాక్‌లో, అంటే దాడులపై నిఘా పెట్టే విభాగంలో, చేరినవాళ్లు రాత్రి షిఫ్టుల్లో ఎక్కువగా చేసేది ఈ చూపు పనే. సినిమాల్లో చూపించే ఆకుపచ్చ అక్షరాల పరుగు నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉద్యోగి తెల్లవారుజామున 3:40కి లాగిన్ అయినట్టు చూసి మేనేజర్‌ను నిద్రలేపాను. తీరా ఆ సర్వర్ గడియారం గ్రీనిచ్ సమయంలో ఉంది. అయిదున్నర గంటలు కలిపితే ఉదయం 9:10. పాపం, ఆయన వేళకే ఆఫీసుకు వచ్చాడు. ఆ తర్వాత ఏ లాగ్ తెరిచినా ముందు టైమ్ జోన్ చూస్తాను.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఫలితాల పేజీ చిరునామాలో హాల్‌టికెట్ నంబరు మారిస్తే పక్కవాళ్ల మార్కులు వస్తాయేమోనని వేలు దురద పెడుతుంది. అనుమతి లేని చోట ఆ వేలు పెట్టకు. దురుద్దేశంతో చేశావని తేలితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల జైలు దాకా పడవచ్చు. ఏదైనా లోపం నీ కంట పడితే అక్కడే ఆగి కాలేజీకి గాని, ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు గాని రాసిపెట్టు.

రాయడం అంటే గుర్తొచ్చింది. ఎథికల్ హ్యాకింగ్‌కు సర్టిఫికెట్ ఇచ్చే ఓఎస్‌సీపీ పరీక్షలో దాదాపు 24 గంటలు యంత్రాలతో కుస్తీ పట్టాక, చేసినదంతా నివేదికగా రాసి పంపాలి. ఉద్యోగంలోనూ అంతే. దాడి జరిగినట్టు గమనించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఆ హడావిడిలో జరిగింది జరిగినట్టు పది వాక్యాలు రాయగలిగినవాళ్ల కోసమే అందరూ వెతుక్కుంటారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తీసుకురా. ఆ లాగ్ ఫైలు ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటికీ ఆ కోర్సు కావాలనిపిస్తే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న